జానెడు బొమ్మ కోసం నేపుల్స్ దాకా

మా అమ్మ గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై రెండేళ్ళు సోషల్ చెప్పి రిటైరైంది. శాతవాహనుల పాఠం వచ్చినప్పుడు రోమ్‌తో మనవాళ్ళ వ్యాపారం గురించి ఒక పీరియడంతా చెప్పేది. సన్నబట్టలు, మిరియాలు, దంతపు సామాను ఇక్కణ్ణుంచి ఓడల్లో వెళ్ళేవి, బంగారు వెండి నాణేలు అక్కణ్ణుంచి వచ్చేవి. నేనూ ఆ క్లాసులో కూర్చున్నదాన్నే. ఇటలీలో పాంపే అనే ఊరు బూడిద కింద పూడిపోయిందనీ, దాన్ని తవ్వితే మన దక్కన్‌లో చెక్కిన దంతపు బొమ్మ ఒకటి బయటపడిందనీ మొదటిసారి విన్నది అమ్మ నోటే. కిందటేడాది మావారు "మీ అమ్మగారిని తీసుకుని యూరప్ వెళ్దాం" అన్నప్పుడు అమ్మ అడిగింది ఒక్కటే. "ఆ బొమ్మ ఉన్న ఊరు దారిలో తగులుతుందా బాబూ?"

తగులుతుంది. నేపుల్స్.

అమ్మకి అరవై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. రోజుకో హోటల్ మారుతూ, సూట్‌కేసులు ఎక్కించి దింపుకుంటూ తిరిగే ప్యాకేజీ ఆమె వల్ల కాదు. అందుకే క్రూజ్ ఎంచుకున్నాం. గది మారదు, ఊళ్ళే మారతాయి. ఆదివారం బార్సిలోనాలో ఎక్కి మార్సెయ్, లివోర్నో, చివితావెక్కియా, నేపుల్స్, తర్వాత ఒక రోజంతా సముద్రం, ఆపైన పాల్మా, మళ్ళీ ఆదివారానికి బార్సిలోనా. అన్నీ షెంగెన్ దేశాలే కాబట్టి ఒక్క వీసాతో అయిపోయింది. దారిలో టర్కీ రేవు ఉన్న క్రూజ్ అయితే ఆ దేశం వీసా విడిగా చూసుకోవాలి, షెంగెన్‌లోకి రెండోసారి అడుగుపెట్టడానికి మల్టిపుల్ ఎంట్రీ కూడా ఉండాలి. మాకు ఆ గొడవ లేకుండా చూసుకున్నాం.

టికెట్లు బుక్ చేసిన వారానికి ఓడవాళ్ళ దగ్గర్నుంచి టూర్ల జాబితా వచ్చింది. ఒక్కో ఊరికి పదిహేను, ఇరవై టూర్లు. రోమ్‌లో పూర్తిరోజు టూరు మనిషికి 139 యూరోలు. ముగ్గురికి, అన్ని ఊళ్ళకీ లెక్కేసి చూస్తే ఇంకో ట్రిప్పు ఖర్చు తేలింది. క్రూజ్‌కి వెళ్ళొచ్చిన బంధువుల్ని అడిగాను. సగం మంది "అన్నీ ఓడవాళ్ళవే తీసుకోండి, టెన్షన్ ఉండదు" అన్నారు. మిగతా సగం "ఒక్కటీ తీసుకోకండి, డబ్బు దండగ" అన్నారు. అందరి మాటా విన్నాక నాకు తోచింది ఏమిటంటే, ఇది మొత్తం ట్రిప్పుకి ఒకేసారి తేల్చుకునే విషయం కాదు, ఏ ఊరికి ఆ ఊరే.

ప్రతి రేవుకీ ఒక కాగితం పెట్టుకున్నాను. ఓడ సరిగ్గా ఎక్కడ ఆగుతుంది, మేం చూడాలనుకున్నది అక్కణ్ణుంచి ఎంత దూరం, మధ్యలో ఎక్కే రైలో బస్సో ఆగిపోతే వెనక్కి రావడానికి ఇంకో దారి ఉందా. ఈ మూడూ రాసుకున్నాను. మూడోదే అసలైన ప్రశ్న. ఓడవాళ్ళ టూరులో వెళ్ళిన బస్సు ఆలస్యమైతే ఓడ దానికోసం ఆగుతుంది, ఆగలేకపోతే తర్వాతి రేవుకి వాళ్ళే చేరుస్తారు. మనంతట మనం వెళ్ళి ఆలస్యమైతే ఓడ వెళ్ళిపోతుంది. తర్వాతి ఊరికి మన ఖర్చుతో మనమే పోయి అందుకోవాలి.

టైము లెక్క కూడా నేను మొదట తప్పుగానే వేశాను. "ఉదయం 7 నుంచి సాయంత్రం 7" అని చూసి పన్నెండు గంటలు ఉన్నాయనుకున్నాను. 7కి ఓడ రేవుకి చేరుతుంది, అంతే. అనుమతులు వచ్చి, టూర్లవాళ్ళు ముందు దిగి, మన వంతు వచ్చేసరికి 8 అవుతుంది. సాయంత్రం ఓడ బయల్దేరడానికి అరగంటో గంటో ముందే అందరూ ఎక్కేసి ఉండాలి. దానికి ఇంకో గంట ముందు పోర్టు గేటు దగ్గర ఉండాలని నేను నియమం పెట్టుకున్నాను. పన్నెండులో చేతికి మిగిలేవి తొమ్మిది గంటలు. ఈ తొమ్మిదిలోంచి రానూపోనూ ప్రయాణం తీసేస్తే ఏ ఊళ్ళో ఏం కుదురుతుందో తేలిగ్గా తెలిసిపోయింది. లివోర్నో నుంచి వెళ్ళాల్సిన ఫ్లారెన్స్‌ని ఆ లెక్కతోనే వదులుకున్నాం.

మార్సెయ్‌లో ఓడలు ఆగేది ఊరి మధ్యలో ఉన్న పాత రేవులో కాదు, ఉత్తరాన బాగా దూరంగా. షటిల్ బస్సులో ఊళ్ళోకి వచ్చి, పాత రేవు దగ్గర 60వ నంబరు సిటీ బస్సెక్కి కొండమీది నోత్రదామ్ ద లా గార్ద్ చర్చికి వెళ్ళాం. లోపల తల పైకెత్తితే పైకప్పు నుంచి చిన్న చిన్న ఓడల బొమ్మలు తీగలకి వేలాడుతున్నాయి. సముద్రం మీద ప్రాణాలు దక్కినవాళ్ళు మొక్కు తీర్చుకుంటూ ఇచ్చినవి. గోడల మీద "మెర్సీ" అని చెక్కిన చలువరాతి పలకలు. అమ్మ వాటిని చేత్తో తడిమి, "మనవాళ్ళు వెండి కళ్ళు హుండీలో వేసినట్టే" అంది. ఆ ఒక్కటి చూసి దిగొచ్చేశాం. చాలు.

ఆ సాయంత్రం డెక్ మీద నిలబడి ఉంటే రేవులో ఒక జంట బ్యాగులు పట్టుకుని ఓడ వైపు పరుగున వస్తున్నారు. మెట్లు ఇంకా తియ్యలేదు కాబట్టి ఎక్కగలిగారు. పైనుంచి జనం చప్పట్లు కొట్టారు. అమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని "నన్ను అలా పరిగెత్తించే పని పెట్టుకోకమ్మా" అంది. రోజూ రాత్రి గదిలో పెట్టే ప్రోగ్రాం కాగితంలో, మర్నాటి ఊళ్ళో ఓడ ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది. ఆ రోజు నుంచి దాన్ని ఫొటో తీసుకోవడమే కాక, చీటీ మీద రాసి అమ్మ పర్సులో కూడా పెట్టాను.

లివోర్నో నుంచి పీసా దగ్గర, రైల్లో ఇరవై నిమిషాల లోపు. పోర్టులో కంటైనర్ లారీలు తిరుగుతుంటాయి కాబట్టి నడిచి బయటికి పోనివ్వరు. షటిల్‌లో ఊరి మధ్యకి, అక్కణ్ణుంచి సిటీ బస్సులో స్టేషన్‌కి వెళ్ళాం. కాగితం టికెట్లు కొన్నాం, ప్లాట్‌ఫారం మీదికి వచ్చాం. రైలొచ్చే ముందు ఒక పెద్దాయన మా చేతిలో టికెట్లు చూసి, ఏదో చెబుతూ గోడ మీదున్న చిన్న మెషీను వైపు వేలు చూపించాడు. మాకు అర్థం కాలేదు. ఆయనే మా చేతిలోంచి ఒక టికెట్ తీసుకుని, మెషీను నోట్లో పెట్టి, తేదీ ముద్ర పడ్డాక మాకు చూపించాడు. అక్కడ రీజనల్ రైలు కాగితం టికెట్‌కి ఎక్కే ముందు ఆ ముద్ర పడాలి. లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా. నేను నెలరోజులు చదివి రాసుకున్న కాగితాల్లో ఈ ముక్క లేదు. ఆ పెద్దాయనకి అమ్మ రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది.

పీసాలో మేం గోపురం ఎక్కలేదు. కింద పచ్చికకి పక్కన రాతి అరుగు మీద కూర్చుని చూశాం. 1173లో మొదలుపెట్టారు, మూడో అంతస్తుకి వచ్చేసరికే ఒరగడం మొదలైంది. 1990లో మూసేసి, ఉత్తరం వైపు పునాది కింద మట్టి కొంచెం కొంచెంగా తీసి నిలబెట్టి, 2001 చివర్లో మళ్ళీ జనాన్ని ఎక్కనిచ్చారు. పడిపోతున్న వైపు ఎత్తకుండా, ఎదటి వైపు మట్టి తీసి సరిచేశారన్న సంగతి అమ్మకి చాలా నచ్చింది.

తిరుగు ప్రయాణంలో లివోర్నో స్టేషన్ గోడ మీద ఒక నోటీసు కనబడింది. పెద్ద అక్షరాలతో "ష్యోపెరో" అని ఉంది. మావారు ఫోనులో తర్జుమా చేసి చూశారు. సమ్మె. మర్నాడు రైళ్ళు నడవవు.

మర్నాడే మాకు రోమ్.

ఓడ కాగితంలో "రోమ్" అని రాసినా ఓడ ఆగేది చివితావెక్కియాలో. రోమ్ నగరం అక్కణ్ణుంచి డెబ్భై, ఎనభై కిలోమీటర్లు. నా ప్లాను ఇది: 12 యూరోల బిర్గ్ టికెట్ కొంటే ఆ రోజంతా రానూపోనూ రీజనల్ రైలు, రోమ్‌లో మెట్రో, బస్సులు అన్నీ అందులోనే. రోమా సాన్ పియెత్రో స్టేషన్‌లో దిగితే సెయింట్ పీటర్స్ చర్చి నడిచిపోయేంత దగ్గర. 139 ఎక్కడ, 12 ఎక్కడ. ఈ ప్లాను మీద నాకు చాలా నమ్మకం ఉండేది.

సమ్మె రోజున కూడా పొద్దున 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని రైళ్ళు తప్పకుండా నడుపుతారని మావారు చదివి చెప్పారు. పొద్దున వెళ్ళడానికి కుదురుతుంది. కానీ మేం సాయంత్రం 6 కల్లా ఓడలో ఉండాలి. వెళ్ళే రైలుంది, వచ్చే రైలు లేదు. నా కాగితంలో మూడో ప్రశ్నకి జవాబు లేకుండా పోయింది. టాక్సీ దొరక్కపోదు, కానీ ఆ రోజు రైళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళంతా టాక్సీల కోసమే వెతుకుతారు. రాత్రి 8 గంటలకి టూర్ల డెస్క్ మూసేలోగా పరిగెత్తి వెళ్తే రోమ్ టూరులో నాలుగు సీట్లున్నాయి. మూడు తీసుకున్నాం. 417 యూరోలు. కార్డు గీస్తుంటే ప్రాణం ఉసూరుమంది, అబద్ధం చెప్పను.

కానీ ఆ టూరు మంచిదే అయింది, దానికి కారణం గైడు. రోమ్‌లోనే పుట్టి పెరిగినావిడ. నలభై మందికీ చెవిలో పెట్టుకునే చిన్న రేడియోలు ఇచ్చింది కాబట్టి ఆమె ముందు నడుస్తున్నా, అమ్మ వెనక నెమ్మదిగా వస్తున్నా మాటలు ఒక్కలాగే వినబడ్డాయి. ఆ రోజు బుధవారం. బుధవారం పొద్దున పోప్ దర్శనం ఉంటే సెయింట్ పీటర్స్ చర్చిలోకి మధ్యాహ్నం దాకా వదలరట. మేం సొంతంగా రైల్లో వచ్చి ఉంటే నేరుగా అక్కడికే పోయి, మూసిన దారి ముందు నిలబడేవాళ్ళం. ఆవిడ ముందుగానే క్రమం మార్చి కొలోసియం వైపు తీసుకెళ్ళింది.

కొలోసియం బయట నిలబెట్టి చెబుతోంది. వెస్పాసియన్ కట్టడం మొదలుపెట్టాడు, కొడుకు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. అమ్మ నాతో మెల్లగా "టైటస్ గద్దెక్కిన ఏడాదే కదే పాంపే పోయింది. అడుగు" అంది. అడిగాను. గైడు ఆగిపోయింది. అవును, ఆయన 79లో చక్రవర్తి అయ్యాడు, కొద్ది నెలలకే వెసూవియస్ అగ్నిపర్వతం పేలింది అని చెప్పి, ఈవిడ ఎవరు అని అడిగింది. హిస్టరీ టీచరని చెప్పాను. ఆ తర్వాత మెట్లు వచ్చిన ప్రతి చోటా ఆవిడ అమ్మ మోచెయ్యి పట్టుకునే నడిచింది. రైలు టికెట్‌తో ఇది రాదు.

ఒక్క లోటు. కొలోసియం లోపలికి వెళ్ళలేదు. టూరు వివరాల్లో "చూస్తారు" అని రాసిన చోట చూడటమే, "సందర్శిస్తారు" అని రాసిన చోటే లోపలికి. కొనేటప్పుడు ఆ తేడా నేను పట్టుకోలేదు. అరగంటలో ఫొటోలు తీసుకుని కదలాల్సి వచ్చింది. వచ్చేటప్పుడు రోమ్ దాటేసరికే ట్రాఫిక్ జామ్. ఓడ ఎక్కాల్సిన టైము దగ్గర పడుతోంది, బస్సు కదలడం లేదు. బస్సులో ఎవరూ వాచీ చూసుకోవడం లేదు, సగం మంది నిద్రపోతున్నారు. సొంతంగా టాక్సీలో ఉండి ఉంటే నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ 417 యూరోల్లో ఎక్కువ భాగం ఆ గంట నిశ్చింతకే అనుకుంటాను.

ఇక నేపుల్స్. మాకు వచ్చిన జాబితాలో ఆ ఊరికి పాంపే, సొరెంతో, కాప్రి, వెసూవియస్ ఉన్నాయి. ఆ బొమ్మ ఉన్న నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియం మాత్రం లేదు. ఎక్కువమంది అడిగేవే పెడతారు, అది వాళ్ళ తప్పు కాదు. మాకు కావలసింది మాత్రం అందులో లేదు, కాబట్టి సొంతంగా వెళ్ళాల్సిందే. నా మూడు ప్రశ్నలకీ ఈ ఊరు చక్కగా జవాబిచ్చింది. ఓడ ఊరి నడిబొడ్డునే ఆగుతుంది, ఎదురుగా కోట. రోడ్డు దాటితే మునిచిపియో మెట్రో స్టేషన్. అక్కణ్ణుంచి తొలెదో, దాంతె, మూడోది మ్యూజియో. మెట్రో ఆగిపోయినా టాక్సీలో పది, పదిహేను నిమిషాలు, అదీ కాకపోతే నడిచైనా రావచ్చు. ఇలాంటి ఊళ్ళో ఓడవాళ్ళ బస్సు అక్కర్లేదు.

మంగళవారం ఆ మ్యూజియానికి సెలవు. మేం చేరేది గురువారం. క్రూజ్ బుక్ చెయ్యక ముందే ఈ సంగతి చూసుకున్నాను. బొమ్మ ఆ రోజుల్లో అక్కడే ఉంటుందా, వేరే దేశం ప్రదర్శనకి పంపుతారా అని మెయిల్ రాసి కనుక్కున్నాను కూడా. అంత దూరం పోయి ఖాళీ గాజుపెట్టె చూడటం నాకిష్టం లేదు.

పాంపే రోడ్లు నల్లటి బండరాళ్ళు, ఎగుడుదిగుళ్ళు, నీడ తక్కువ. అమ్మ మోకాళ్ళకి అది కుదరదు. మావారికి పాంపే చూడాలని ఉంది. కాబట్టి ఆయన ఓడవాళ్ళ సగం రోజు టూరులో అటు, మేమిద్దరం ఇటు.

బొమ్మ ఉన్నది మ్యూజియంలో "రహస్య గది" అని పిలిచే భాగంలో. పాంపేలో దొరికిన శృంగార చిత్రాలు, శిల్పాలు అన్నీ ఒకచోట పెట్టిన గదులు. ఒకప్పుడు ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు. 2000లో అందరికీ తెరిచారు. నాకు అమ్మతో కలిసి అందులోకి వెళ్ళడం కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. అమ్మ అటూ ఇటూ చూడలేదు. నేరుగా వెతుక్కుంటూ పోయింది.

గాజుపెట్టెలో, నేను అనుకున్నదానికన్నా చాలా చిన్నగా ఉంది. అమ్మ చెయ్యి చాపి, గాజుకి ఇవతల జాన పెట్టి చూపించింది. "జానెడు. పిల్లలకి ఇలాగే చూపించేదాన్ని, బెంచీ మీద చెయ్యి పెట్టి." దంతం వయసుతో తేనె రంగుకి తిరిగింది. ఒక కాలు మీదుగా ఇంకో కాలు వేసి నిలబడ్డ ఆడమనిషి. చేతుల నిండా గాజులు, కాళ్ళకి బరువైన కడియాలు, మెడలో హారాలు, నడుముకి మొలనూలు. అటూ ఇటూ ఇద్దరు చిన్న చెలికత్తెలు. నడినెత్తిన రంధ్రం ఉంది. అద్దం పిడో, బల్ల కోడో అయి ఉంటుందని పండితుల ఊహ. అమ్మ పక్కకి జరిగి, వెనక వైపు కనబడేలా వంగి, "ఈ జడ చూడవే, ఈ జడ చూడు" అంది. వీపు మీదుగా కిందికి జారే అల్లిన జడ.

తర్వాత అమ్మ గొంతు మారింది. క్లాసు గొంతు. 1938లో మయూరి అనే ఆయన తవ్వకాల్లో ఇది దొరికింది. మొదట లక్ష్మి అన్నారు. ఇప్పుడు చాలామంది యక్షి అంటున్నారు. ఇలాంటి బొమ్మలే మహారాష్ట్రలో భోకర్దన్‌లో, తేర్‌లో దొరికాయి, అదంతా శాతవాహనుల నేల. అమరావతి పలకల మీద ఆడవాళ్ళకి ఉన్న కడియాలు, మొలనూలు ఇవే కదా. 79లో ఆ ఊరు పూడిపోయింది కాబట్టి ఈ బొమ్మ అంతకు ముందే సముద్రం దాటింది. ఎవరు తెచ్చారో, ఎంతకి అమ్మారో తెలియదు. ఇవన్నీ నాకొక్కదానికే చెబుతోంది, కానీ నలభై మంది పిల్లలున్నట్టే చెప్పింది. కొంతసేపటికి ఎవరో ఒకామె కూడా ఆగి, భాష తెలియకపోయినా వింటూ నిలబడింది.

ముప్పావుగంట అక్కడే ఉన్నాం. టూరులో వచ్చి ఉంటే ఇంతసేపు ఒక్క వస్తువు ముందు నిలబడనిచ్చేవాళ్ళు కాదు. అమ్మ బ్యాగులోంచి నోటుబుక్కు తీసి బొమ్మని పెన్సిలుతో గీసుకుంది. చెయ్యి కొంచెం వణికింది, జడ దగ్గర రెండుసార్లు చెరిపి గీసింది.

బయటికొచ్చి, దాంతె దాకా మెల్లగా నడిచి ఒక చిన్న హోటల్లో మరినారా పిజ్జా తిన్నాం. చీజు ఉండదు. టమోటా, వెల్లుల్లి, నూనె, ఒరెగానో, అంతే. శాకాహారులకి ఆ ఊళ్ళో అంతకన్నా మంచి తిండి అక్కర్లేదు. రెండున్నరకల్లా ఓడ దగ్గరున్నాం. కోట ఎదురుగా బెంచీ మీద ఇంకో గంట కూర్చున్నాం, తొందర లేదు కాబట్టి.

మావారు అప్పటికే వచ్చి ఉన్నారు. పాంపే గురించి ఆయన చెబుతుంటే విన్నాం. బండి చక్రాలు పడి పడి రాతిలో లోతుగా దిగిన గాడులు, వాన నీళ్ళు పారే రోడ్డు దాటడానికి వేసిన ఎత్తు రాళ్ళు, చనిపోయినవాళ్ళ ఆకారంలో బూడిదలో మిగిలిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి తీసిన రూపాలు. గైడు బాగా చెప్పాడనీ, రెండు గంటలు సరిపోలేదనీ అన్నారు. వీయా దెల్ అబొందాంజా అనే పెద్ద వీధిలో చాలా దూరం నడిపించాడట.

ఆ పేరు వినగానే అమ్మ లేచి కూర్చుంది. "ఆ వీధిలోనే బాబూ ఆ బొమ్మ దొరికిన ఇల్లు. చూపించారా?"

చూపించలేదట. గైడు ఆ పేరే ఎత్తలేదట. మావారు ఫోన్ ఇచ్చారు. ఓడ కదిలింది, వెనక వెసూవియస్ నీలంగా కనబడుతోంది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ వీధి ఫొటోలు ఒక్కొక్కటే రెండు వేళ్ళతో పెద్దది చేసి, గుమ్మం తర్వాత గుమ్మం చూస్తూ కూర్చుంది.